సప్పుడు కెమెరా

ముఖేష్ దుకాణంలో కొత్త కెమెరా చేతిలోకి తీసుకున్నవాళ్లు ఖాళీ చేతులతో బయటికి రావడం సూర్యాపేటలో ఎవరూ చూసి ఉండరు. అతని మాటకారితనం అలాంటిది. మునగాల ఫోటో సరోజన కూడా ఆ రోజు ఆ భయంతోనే కౌంటరు ముందు నిలబడింది. చేతిలో నిగనిగలాడే కొత్త కెమెరా, భుజాన సంచిలో తన పాతది.

"ఇగ ఆలోచన బంద్ వెట్టక్కా. పాతది ఇటియ్యి, కొత్తది అటు తీస్కపో. ఎక్స్చేంజ్‌ల అయితెనే నీకు గిట్టుబాటయితది," అంటూ ముఖేష్ సంచిలోంచి పాతదాన్ని తనే తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సరోజన సైకిల్ ట్యూబు ముక్క కోసి అతికించింది. అది కంటపడగానే అతనికి నవ్వాగలేదు. "గిదేందక్కా, పంచర్ షాపుల జేపిచ్చినవా?"

సరోజనకు ఒళ్లు మండింది. తన కెమెరాను తాను రోజూ తిట్టుకుంటుంది గానీ, ఇంకొకరు ఒక్క మాటంటే పడదు. పాతదాన్ని అతని చేతిలోంచి లాక్కుని, పనిచేస్తుందో లేదో చూసుకోమన్నట్టు బటన్ ఒత్తింది. అది 'ఖట్' మంది. దుకాణంలో ఆ చివర ఫోటో ఫ్రేములు చూసుకుంటున్న పెద్దమనిషి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"కెమెరానా, తలుపు గొళ్లెమా అది?" అన్నాడు ముఖేష్. "ఇగ దీన్ని ఒత్తి సూడు."

ఒత్తింది. ఏమీ వినిపించలేదు. దుకాణం బయట ఆటోల హారన్లు తప్ప.

"ఫోటో వడ్డదా?" అంది సరోజన.

"వడ్డది. గదే దీని గొప్పతనం. సప్పుడు తగ్గిచ్చి వెట్టిన. మొత్తం పెంచినా చెవి కాడ వెట్టుకుంటెనే ఇనవడతది. చీకట్ల గూడ మస్తు క్లియర్ వస్తది. వారం రోజులు కిరాయికి తీస్కపో. వాడి సూడు. నచ్చకుంటె వాపసు తీస్కరా."

అలా కొత్త కెమెరా కిరాయి మీద మునగాల బస్సెక్కింది. తీసుకోవాలా వద్దా అన్నది సరోజనకు సరదా ప్రశ్న కాదు. దాని వెనుక ఒక పెళ్లి ఉంది, ఒక పిల్లకు ఇచ్చిన మాట ఉంది.

సరోజన పుట్టుకతో ఫోటోగ్రాఫర్ కాదు. ఆమె భర్త శంకర్‌కు మునగాలలో హైవే పక్కన జిరాక్సు దుకాణం ఉంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె పని పాస్‌పోర్టు ఫోటోలు కత్తెరతో సమంగా కత్తిరించడం. కత్తిరించీ కత్తిరించీ విసుగొచ్చి, ఈ ఫోటోలు ఎవరో తీస్తే నేను కొయ్యడమేంటి, నేనే తీస్తానంది. శంకర్ నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లకు ఒక సంగతి తెలిసింది. ఓణీల ఫంక్షన్‌కో తొట్టెల ఫంక్షన్‌కో ఆడమనిషే వచ్చి ఫోటోలు తీస్తే, కొంగు సర్దుకుంటూ ఇబ్బంది పడనక్కర్లేదు, బాలింత ఉన్న గదిలోకైనా రానివ్వవచ్చు. అట్లా ఒక్కొక్క ఇల్లూ ఆమెను పిలిచింది.

ఆ పాత కెమెరా ఆమెకు కోదాడ శ్రీహరి దగ్గర దొరికింది. శ్రీహరి ఆ చుట్టుపక్కల పేరున్న పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. తాను కొత్తది కొనుక్కున్నప్పుడు పాతది ఈమెకు అమ్మాడు. పెద్ద పెళ్లిళ్లుంటే ఆడవాళ్ల వైపు తీయడానికి ఈమెను రెండో కెమెరాగా పిలిచేవాడు. మంచివాడే గానీ, నోరు ఆగదు.

"ఏంటమ్మా సరోజనా, ఒక్క ఫోటోకి రెండుసార్లు నొక్కుతావేంటి? షట్టర్ అరిగిపోదూ!" అనేవాడు, అదీ నలుగురి ముందు.

నిజమే, ఆమెకు ఆ అలవాటుంది. 'ఖట్' మనగానే ఇంకోసారి ఒత్తుతుంది. ఎందుకో తనకే తెలియదు. శ్రీహరి తిట్టినప్పుడల్లా మానేయాలనుకునేది, కానీ వేలు మాట వినేది కాదు. సంవత్సరాల తరబడి ఆ తిట్లు తిని, అది తన చేతకానితనమేనని ఆమె కూడా నమ్మేసింది.

కెమెరాకు వయసు మీద పడింది. ఎండలో బాగానే తీస్తుంది. వెలుతురు తగ్గితే చాలు, బొమ్మంతా ఇసుక చల్లినట్టు వస్తుంది. ఆ మధ్య వేములపల్లిలో ఒక తొట్టెల ఫంక్షన్‌లో సరిగ్గా పాపను తొట్టెలో వేసే వేళకే కరెంటు పోయింది. పాప బోసినోటితో నవ్వింది. సరోజన తీసింది. ఫోటోలు ఇచ్చిన రోజు ఆ తల్లి మొహమాటంగా, "పాప మొకం మీద గీ సుక్కలేందక్కా?" అని అడిగింది. సరోజనకు తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వు మళ్లీ రాదు కదా.

ఆ అవమానం పచ్చిగా ఉండగానే నవ్య ఫోన్ చేసింది. నవ్యది మునగాల పక్కనే ఊరు. గొర్రెల మంద ఉన్న ఇల్లు. పిల్ల చదువుకుని మిర్యాలగూడలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది, పెళ్లికొడుకూ అక్కడివాడే. పెళ్లి కోదాడలో ఫంక్షన్ హాల్లో. వీడియో, స్టేజీ పక్కన పెద్ద తెర అన్నీ శ్రీహరికి అప్పగించారు. ఫోటోలు మాత్రం సరోజనే తీయాలని నవ్య పట్టుబట్టింది. అంతవరకు రెండో కెమెరాగా తప్ప ఇంత పెద్ద పెళ్లి సరోజన చేతికి ఎవరూ ఇవ్వలేదు.

"మా బాబాయ్ ఒద్దంటుండక్కా," అంది నవ్య. "గా పాత డబ్బతోని ఏం తీస్తదంటుండు. నేనే జిద్దుకు కూసున్న. ఎందుకో ఎరికేనా? మా ఇంట్ల తాత నవ్విన ఫోటో ఒక్కటి లేదు."

తాత అంటే దుర్గయ్య. సరోజనకు బాగా తెలుసు. వాగులో నీళ్లలాగా గలగలా నవ్వే మనిషి. గొర్రెలతో మాట్లాడుతూ నవ్వుతాడు, భార్య రుక్కమ్మ తిడితే ఇంకా నవ్వుతాడు. కెమెరా చూస్తే మాత్రం కొయ్యబారిపోతాడు.

"ఆధార్ కార్డు నుంచి నా ఓణీల ఫంక్షన్ దాంక అన్నిట్ల ఒక్కటే మొకం," అంది నవ్య. "నువ్వు తీసిన ఒక్కదాంట్లనే జర నవ్వినట్టున్నడు. గదీ అలుక్కపోయింది. నువ్వయితెనే తీస్తవని నా నమ్మకం. గా నవ్వు నాతోని మిర్యాలగూడకు రావాలక్కా. గోడకు పెట్టుకుంట."

"తీస్త," అంది సరోజన. అన్నాక ఫోన్ పెట్టేసి లెక్క వేసుకుంది. ఇది చేస్తే తన పేరు మీద పెద్ద పెళ్లి. చెడగొడితే నవ్య ఇంట్లో ఎవరి ముందూ తలెత్తుకోలేదు, బాబాయ్ మాటే నిజమవుతుంది, ఇక ఈ చుట్టుపక్కల ఏ ఆడమనిషికీ పెళ్లి ఆర్డరు రాదు. అందుకే ముఖేష్ దుకాణానికి వెళ్లింది.

కిరాయి కెమెరాకు మొదటి పరీక్ష దుర్గయ్య ఇంట్లో పసుపు దంచే రోజున జరిగింది. వాకిట్లో రోలు, రోకళ్లకు కట్టిన మామిడాకులు, ముత్తైదువల పాటలు. కొత్త కెమెరా కళ్లు చెదిరేలా తీసింది. చేతుల మీది పసుపు పొడి రేణువు రేణువు కనిపించింది. సరోజన మురిసిపోయి, అరుగు మీద ఇంటివాళ్లందరినీ నిలబెట్టింది. మధ్యలో దుర్గయ్య, భుజాన గొంగడి, చేతిలో కట్టె. పక్కన రుక్కమ్మ.

దుర్గయ్య గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టాడు. సరోజన ఒత్తింది.

"అయింది పెద్దయ్యా."

ఎవరూ కదల్లేదు. ఇంకోసారి ఒత్తింది. "అయింది గద!"

దుర్గయ్య పళ్ల సందున మాట్లాడాడు. "సప్పుడు గాలే."

"దీనికి సప్పుడు రాదు పెద్దయ్యా. కొత్తది."

"సప్పుడు రాకుంట ఫోటో ఎట్ల వడతది?"

"వడ్డది. నా మాటిను."

రుక్కమ్మ కూడా కదల్లేదు. ఇద్దరు ముసలివాళ్లూ రాతి బొమ్మల్లా ఉన్నారు. దొడ్లో ఒక గొర్రెపిల్ల అరిచింది. దుర్గయ్య ముఖం కందగడ్డ అయింది. "బిడ్డా, ఊపిరి తియ్యాల్నా ఒద్దా?" అని మూలిగాడు. పిల్లలు పక్కున నవ్వారు. సరోజన కెమెరాలో సౌండు మొత్తం పెంచి మళ్లీ ఒత్తింది. 'సిక్' మన్న ఆ చిన్న చప్పుడు ఆమెకే సరిగ్గా వినపడలేదు, ముసలాయనకు ఏం వినపడుతుంది? ఇంకా నాలుగైదు తీసింది. అన్నిట్లోనూ అదే ఆధార్ కార్డు ముఖం.

చివరికి దుర్గయ్యకు కోపమొచ్చింది. "నన్ను నిలవెట్టి ఆట వట్టిస్తున్నవా?" అని గొంగడి దులుపుకుని మంద దగ్గరికి వెళ్లిపోయాడు.

రుక్కమ్మ ఊపిరి వదిలి, సరోజన చెయ్యి పట్టుకుంది. "నువ్వేం అనుకోకు బిడ్డా. మా పెండ్లిల సూర్యాపేట స్టూడియోల దిగినం. సప్పుడు అయినదాంక కదలకుండ్రి అన్నడు ఫోటో ఆయన. గీయన కదిలిండు. ఫోటోల రెండు ముక్కులొచ్చినయ్. గప్పటిసంది నేను ఎక్కిరిస్తనే ఉన్న, గాయన బిగుసుకుంటనే ఉండు. సప్పుడు అయినంకనే, నేను కదల్లే గదనే అని నన్నడిగి నవ్వుతడు."

బాబాయ్ దూరం నుంచి అంతా చూశాడు. "కొత్తది తెచ్చినా గంతేనాయె," అన్నాడు. సరోజన ముఖం చిన్నబోయింది. ఇంటికి వచ్చి ఆ కెమెరాను సంచిలోంచి తీయకుండా మూల పడేసింది. వాపసు ఇచ్చేద్దామని నిర్ణయించుకుంది. పాతదానితోనే ఏదో తంటాలు పడదాం, ఇసుక పడితే పడనీ అనుకుంది. అన్నం కూడా సహించలేదు.

పొద్దున దుకాణం తెరిచాక, వాపసు ఇచ్చే ముందు అందులోని ఫోటోలు తీసుకుందామని కంప్యూటర్‌లో వేసింది. పక్కనే నవ్య ఓణీల ఫంక్షన్ పాత ఫోటోలు తెరిచింది. కొత్తవి అద్దంలా ఉన్నాయి, కానీ అందరూ పోలీస్ స్టేషన్‌లో నిలబడ్డట్టున్నారు. పాతవి మసకగా ఉన్నా, మనుషులు బతికి ఉన్నారు. ఒకావిడ పక్కావిడ భుజం మీద పడి నవ్వుతోంది. ఒకాయన తలపాగా తీసి తల గోక్కుంటున్నాడు. ఇదేంటి, తీసింది నేనే కదా, రెండిట్లో ఇంత తేడా ఏంటి అని ఆమె ఆ పాతవాటిని ఒక్కొక్కటే వెనక్కి జరిపి చూసింది.

ప్రతి మంచి ఫోటోకూ ముందు ఒక బిగుసుకుపోయిన ఫోటో ఉంది. అదే మనుషులు, అదే చోటు. మొదటిది 'ఖట్' మన్నప్పటిది. రెండోది 'ఖట్' విని, గండం గడిచిందని అందరూ ఊపిరి వదిలినప్పటిది. దుర్గయ్య అలుక్కుపోయిన నవ్వు కూడా రెండోదే. ఈ ఊళ్ల మనుషులకు ఆ చప్పుడే సెలవు. అది వినేదాకా కదలరు, విన్న మరుక్షణం తమలాగా అయిపోతారు. అది ఆమె వేలికి ఎప్పటినుంచో తెలుసు. ఆమెకే తెలియలేదు.

"ఓ శంకరూ! ఇటురా!" అని కేక పెట్టింది. ఎప్పుడూ భర్తను పేరుపెట్టి పిలవని మనిషి అట్లా అరిచేసరికి, శంకర్ జిరాక్సు మిషన్ వదిలి పరుగెత్తుకొచ్చాడు.

అంతా విని తల గోక్కున్నాడు. "మరి రెండోదే తియ్యరాదు? మొదటిదెందుకు?"

"మొదటిది తియ్యకుంటె రెండోది రాదయ్యా!" అని పకపకా నవ్వింది సరోజన.

నవ్వు ఆగాక అసలు సంగతి ఆలోచించింది. చప్పుడు పాతదానిలో ఉంది, చూపు కొత్తదానిలో ఉంది. పాతది ఒకసారి ఒత్తాక మళ్లీ తేరుకునేలోగా దుర్గయ్య నవ్వు సగం అయిపోతుంది, హాల్లో మసక వెలుతురు ఉంటే అది కూడా దక్కదు. కొత్తది రెప్పపాటులో పది తీస్తుంది, కానీ దానికి ఎవరూ నవ్వరు. ఇది కావాలా అది కావాలా అని ఇన్నాళ్లూ కొట్టుకున్నది దండగ. రెండూ కావాలి.

పెళ్లి రోజు కోదాడ ఫంక్షన్ హాల్లో తలంబ్రాలయ్యాక ఇంటివాళ్ల ఫోటోకు పిలిచారు. సరోజన కొత్త కెమెరాను స్టాండు మీద బిగించి, దుర్గయ్య నిలబడే చోటుకు సరిచూసి పెట్టుకుంది. దాని నుంచి, దూరం నుంచే ఒత్తే బటన్ ఉన్న రిమోట్ వైరు ఒకటి తన ఎడమ చేతిలోకి వచ్చేట్టు చూసుకుంది. మెడలో పాతది వేలాడుతోంది.

వీడియో తీస్తున్న శ్రీహరి దగ్గరికొచ్చి వంగి చూశాడు. "ఇదేంటమ్మా, పాతదాంట్లో మెమరీ కార్డే లేదు? ఏం తీస్తావ్ దాంతో?"

"ఏం తియ్యనన్నా. ఊకె ఒత్తుత."

"మతి పోయిందా నీకు!"

"జర ఆగి సూడు," అని, బ్యాండ్ వాళ్ల వైపు తిరిగింది. "అన్నా, ఒక్క నిమిషం బాజా ఆపుండ్రి!"

బాజా ఆగింది. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. బాబాయ్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పెళ్లిబట్టల్లో నవ్య తాత పక్కకు జరిగి నిలబడింది. దుర్గయ్య మొన్నటి అనుమానంతో సరోజన వైపు చూశాడు, మెడలో సైకిల్ ట్యూబు అతికించిన పాత కెమెరా కనిపించగానే ధైర్యం తెచ్చుకుని ఊపిరి బిగబట్టాడు. రుక్కమ్మ కొంగు సర్దుకుని బిగుసుకుంది. సరోజన పాతదాన్ని కంటికి ఆనించింది. ఎడమ చేతి బొటనవేలిని వైరు బటన్ మీద ఉంచింది.

ఖట్!

ఆ చప్పుడు స్టేజీ చివరిదాకా వినిపించింది. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. దుర్గయ్య గబుక్కున రుక్కమ్మ వైపు తిరిగాడు. "నేను కదల్లే గదనే?"

"కదిలినవ్! ఈపారి మూడు ముక్కులొస్తయ్!" అంది రుక్కమ్మ.

దుర్గయ్య తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఉన్న పళ్లూ లేని పళ్లూ అన్నీ కనిపించేలా నవ్వాడు. రుక్కమ్మ అతని చెయ్యి మీద ఒక్కటేసింది. నవ్య తాతనే చూస్తూ నవ్వుతోంది. స్టాండు మీది కొత్త కెమెరా ఎవరికీ వినపడకుండా ఆ నవ్వును మొదటి నుంచి చివరిదాకా తీస్తూనే ఉంది. సరోజన వైరు బటన్ మీది నుంచి వేలు ఎత్తలేదు.

శ్రీహరి ముందుగా వచ్చి కెమెరా వెనుక బొమ్మ చూశాడు. ఒక్కొక్కటే జరిపి మళ్లీ చూశాడు.

"రెండోసారి నొక్కొద్దని ఇన్నేళ్లూ తిట్టింది నేనే కదమ్మా," అన్నాడు చివరికి. "నాకేం తెలిసి తిట్టానో. ఆ కార్డు ఇలా ఇవ్వు."

ఆమె ఇంకో కార్డు వేసుకుని అది ఇచ్చింది. శ్రీహరి స్వయంగా వెళ్లి ఆ ఫోటోను స్టేజీ పక్కన ఉన్న పెద్ద తెర మీద వేయించాడు. హాలంతా తలలు అటు తిరిగాయి. గోడంత దుర్గయ్య, గోడంత నవ్వు. కంటి చుట్టూ ముడతలు, తలపాగా కింద తడిసిన వెంట్రుకలు, పక్కన రుక్కమ్మ వేసిన దెబ్బ, అన్నీ కడిగినట్టు కనిపించాయి.

దుర్గయ్య కూడా తెర వైపు చూశాడు. చూసి, అలవాటు కొద్దీ, గట్టిగా ఊపిరి పీల్చి బిగుసుకుని నిలబడ్డాడు. తన ఫోటో ముందు తానే కదలకుండా నిలబడ్డ ఆ ముసలాయన్ని చూసి హాలు హాలంతా విరగబడి నవ్వింది. భోజనాల దగ్గరున్నవాళ్లు కూడా ఎంగిలి చేతులతో లేచి వచ్చారు.

నవ్య స్టేజీ దిగి వచ్చి, తలంబ్రాల బియ్యం రాలుతుండగానే సరోజనను వాటేసుకుంది. "దొరికిందక్కా. దొరికింది," అంటూ ఏడ్చింది, నవ్వింది. సరోజనకూ కళ్లు నిండాయి. దాచుకోలేదు. ఇంత సంతోషం తన పనిలో ఉంటుందని ఆమె అనుకోలేదు.

బాబాయ్ నెమ్మదిగా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎటో చూస్తూ, "మా సిన్నదాని ఓణీల ఫంక్షన్ ఉన్నదక్కా. నువ్వే రావాలె," అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "గా పాత డబ్బ గూడ తేవాలె," అన్నాడు.

దుర్గయ్య మాత్రం ఆమెను వదల్లేదు. విషయం తెలుసుకుని కట్టె ఎత్తి బెదిరించాడు. "సప్పుడు ఒకదాంట్ల, ఫోటో ఇంకోదాంట్లనా? దొంగబిడ్డవే నువ్వు!" అని మళ్లీ నవ్వాడు. ఈసారి అన్ని సెల్‌ఫోన్లూ చుట్టూ ఉన్నాయి, అయినా బిగుసుకోలేదు.

ఆ తర్వాత సరోజన సూర్యాపేటలో ముఖేష్ దుకాణానికి మళ్లీ వెళ్లింది. కొత్త కెమెరా కావాలంది. ముఖేష్ ముఖం వెలిగిపోయింది. "చెప్పిన గదక్కా! ఇగ పాతది ఇటియ్యి," అని చెయ్యి చాపాడు.

"పాతది ఇయ్య. ఎక్స్చేంజ్ ఒద్దు. కొత్తది కొత్తగనే ఇయ్యి."

"దాన్నేం జేసుకుంటవక్కా? కొత్తది ఉన్నంక గది ఎందుకు పనికొస్తది?"

సరోజన ఏదో చెప్పబోయింది, అంతలో ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తితే, వేములపల్లి నుంచి ఎవరో ఆడమనిషి.

"అక్కా, మా అత్త ముత్తమ్మ ఫోటోల అస్సలు నవ్వదు. కోదాడ పెండ్లిల ముసలాయన ఫోటో మాకందరికీ వాట్సాప్‌ల వచ్చింది. గా సప్పుడు కెమెరా ఆమెవు నువ్వేనా?"

సరోజన ముఖేష్ వైపు చూసింది. మెడలోని పాతదాన్ని ఎత్తి, కార్డు లేకుండానే అతని ముఖం మీద 'ఖట్' మనిపించింది. ముఖేష్ ఉలిక్కిపడి, వెంటనే తన ఉలికిపాటుకు తానే నవ్వేశాడు.

"ఆ, నేనే," అంది సరోజన ఫోన్లో. "ఎన్నడు రమ్మంటవో చెప్పు."